ఒక్క పూట ఉండనీప్పా

పెద్ద నర్సమ్మగారు పోయారన్న కబురు సిరుగుప్ప నుంచి వచ్చే మొదటి బస్సులో మా ఆసుపత్రికి చేరింది. కండక్టరు స్త్రీల వార్డు మెట్ల దగ్గరికి వచ్చి రత్నమ్మ సిస్టరు చేతికి ఒక చీటీ ఇచ్చి వెళ్లాడు. రత్నమ్మ ఆ చీటీ చదివి, నాలుగు మడతలు పెట్టి, జేబులో వేసుకొని, నేరుగా నా కిటికీ దగ్గరికి నడిచి వచ్చింది. నేను మధ్యాహ్నపు పథ్యం పట్టీ రాస్తున్నాను. ఏ మంచానికి గంజి, ఏ మంచానికి రొట్టె, పాలు, ఏ మంచానికి అన్నం అని వంటశాలకు రాసి పంపే పట్టీ అది. ఇరవై రెండో మంచం దాకా వచ్చాను.

“పెద్దమ్మ పోయారండి, తెల్లవారుతుండగా” అంది రత్నమ్మ. “లేవండి. తొమ్మిదిన్నర బస్సుంది.”

“పట్టీ సగంలో ఉంది.”

“తెలుసండి. అందుకే లేవమంటున్నాను.”

పెద్ద నర్సమ్మగారిని ఎరిగినవారు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు. ఆమె చేతి మీదుగా కోలుకొని ఇంటికి నడిచి పోయినవారున్నారు. ఆమె దగ్గర పని నేర్చుకొన్న నర్సులున్నారు. ఆమెను గురించి రాయడానికి వారిలో ఎవరికైనా నాకంటే ఎక్కువ హక్కు ఉంది. అయినా నేను రాయడానికి కారణం ఒక్కటే. ఆమె బళ్లారిలోని పెద్ద ఆసుపత్రి విడిచి, సిరుగుప్పలో ఆరు మంచాల దవాఖానాలో చివరి పదేళ్లూ గడపవలసి వచ్చింది ఒక కాగితం వల్ల. ఆ కాగితం రాసింది నేను. ఇది ముందుగా చెప్పకుండా ఆమె మంచితనాన్ని ఎంత వర్ణించినా అది మరొక అబద్ధపు దస్తావేజే అవుతుంది.

నేను ఆరో తరగతితో బడి మానినవాణ్ణి. ఆసుపత్రిలో సీసాలు కడిగే పనికి చేరి, సీసాల మీది చీటీలు చూసి ఇంగ్లీషు అక్షరాలు, జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసినాక దస్తరంలోని కాగితాలు చూసి కన్నడం నేర్చుకొన్నాను. బడి లేనివాడికి పట్టీయే బడి. వచ్చినవారి పట్టీ, పోయినవారి పట్టీ, మంచాల పట్టీ, దుప్పట్ల పట్టీ, తాళంచెవుల పట్టీ అన్నీ నా చేతిరాతే. ఒక పట్టీకి ఇంకొక పట్టీ సాక్ష్యం చెప్పాలన్నది నా పట్టుదల. రెండు పట్టీలు ఒకదానితో ఒకటి విభేదిస్తే నాకు అన్నం సయించేది కాదు. మనుషులు విభేదిస్తే మాత్రం ఏమీ అయ్యేది కాదు. ఈ సంగతి ఇప్పుడు రాయగలుగుతున్నాను, అప్పుడు తెలియదు.

పెద్ద నర్సమ్మగారు నర్సులందరికీ పెద్ద. పొట్టి మనిషి, వెడల్పైన పాదాలు, నడిస్తే చెప్పుల చప్పుడు వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించేది. చిన్న నర్సులు ఆ చప్పుడు విని టోపీలు సర్దుకొనేవారు. దుప్పటి మూల వంకరగా మడిస్తే మొత్తం ఊడదీసి మళ్లీ పరిపించేవారు. ఎదురు చెప్పిన పిల్లతో, “నీ పెళ్లినాడు కొంగు ఇట్లే ముడేస్తారేమో సూస్తా నిలబడి” అనేవారు. ఆ పిల్లతో పాటు రోగులు కూడా నవ్వేవారు.

తెల్లవారి వార్డులోకి వస్తూనే ప్రతి మంచం దగ్గరా ఆగి ఒకే ప్రశ్న అడిగేవారు. కన్నడం వారిని “ఊట ఆయ్తా?” అనీ, తురకం మాట్లాడేవారిని “ఖానా హువా?” అనీ, మనవాళ్లను “తింటివా?” అనీ. జ్వరం ఎంత, నొప్పి ఎట్లా ఉందన్నవి ఆ తరువాతి ప్రశ్నలు. వార్డు నుంచి దస్తరం వైపు వచ్చినప్పుడు నా కిటికీ ముందు కూడా ఒక్క క్షణం ఆగేవారు. “తింటివా రైటరప్పా?” దస్తరంలో రాసేవాణ్ణి కాబట్టి అందరికీ నేను రైటరప్పనే. ఇది ఉద్యోగానికి సంబంధించని ప్రశ్న అని నేను తల ఎత్తేవాణ్ణి కాను. ఆమె జవాబు కోసం ఆగేవారూ కారు. మరునాడు మళ్లీ అడిగేవారు.

ఆమెకు ఎదపై తలకిందులుగా తగిలించుకొనే చిన్న గడియారం ఉండేది. ఎవరైనా ఆఖరి ఘడియల్లో ఉంటే ఆ మంచం దగ్గర కూర్చొని, గడియారం ముఖాన్ని గుండె వైపుకు తిప్పేసేవారు. కొత్తగా వచ్చిన పిల్లలకు ఆమె చెప్పే మొదటి పాఠం అదేనట. “పోయేవాళ్ల ముందర గంట చూడగూడదు పాపా. మనం తొందర పడతాండామని వాళ్లు తొందర పడతారు.”

రెండో పాఠం సంగతి నాకు వంట బసప్ప వల్ల తెలిసింది. తెలిసిందని అనుకొన్నాను.

బసప్ప పెద్ద గరిటె, అంతకంటే పెద్ద నోరు ఉన్న మనిషి. ఒకరోజు పట్టీ చేత పట్టుకొని నా కిటికీ దగ్గరికి వచ్చాడు. “ఏం రైటరప్పా, నీ పట్టీలో సచ్చినోళ్లకు గూడా ఆకలైతాందే. ఏడో మంచం తాత పొద్దన్నే పాయె. మధ్యాన్నానికి గంజి రాసుండావు. ఏడికి పంపల్ల, సుడుగాడుకా?”

వెనక ఉన్నవాళ్లు నవ్వారు. వార్డు నుంచి వచ్చిన చీటీలో ఏముంటే అదే నేను ఎక్కించాను. కానీ నా చేతిరాతను చూసి నవ్వడం అంతవరకు జరగలేదు. ఆ రోజే పోయినవారి పట్టీని, పథ్యం పట్టీని పక్కపక్కన పెట్టి మూడు నెలలు వెనక్కి చూశాను. పదమూడు పేర్లు దొరికాయి. పదమూడు మంది పోయిన తరువాత ఒక పూట, ఒకే ఒక్క పూట, వారి పేరు మీద తిండి వార్డుకు వెళ్లింది.

మరునాడు, పోయినవారి పేర్లు ఇకపై ఉండరాదని రాసి, వార్డు చీటీని వెనక్కి పంపాను. ఆమే వచ్చారు.

“ఒక్క పూట ఉండనీప్పా. రాత్రికి నేనే కొట్టేస్తా” అన్నారు.

“పోయినవారికి పథ్యం ఎట్లా రాయాలమ్మా?”

“రాసేదానికి నీకు కష్టమా, వండేదానికి బసప్పకు కష్టమా?”

“నిబంధన లేదు.”

“ల్యాకుంటే పక్కకు పెట్టు. ఒక తూరి మధ్యాన్నం వార్డుకు రాప్పా. మా కాడ కూసో. సూసినాంక నువ్వే చెప్దువు.”

“నాకు పని ఉంది” అన్నాను.

నా కిటికీ నుంచి ఆ వార్డు గడపకు ముప్పై రెండు అడుగులు. ఒకప్పుడు గంట తీగ వేయించడానికి నేనే కొలిచాను. ఆ ముప్పై రెండు అడుగులు నడిచి, ఆమె చెప్పినట్లు ఒక్కసారి కూర్చొని ఉంటే ఈ రోజు ఈ రాత అవసరం ఉండేది కాదు. నేను వెళ్లాను, కానీ కూర్చోవడానికి కాదు. పది రోజుల తరువాత, పదకొండో మంచం మీది సంగనకల్లు అవ్వ పోయిన రోజు మధ్యాహ్నం, వరండాలో కిటికీ చాటున నిలబడ్డాను.

శవాన్ని బంధువులు అప్పటికే తీసుకొని వెళ్లారు. మంచం సర్దలేదు. దిండు మీద అవ్వ తల పెట్టిన గుంట అట్లే ఉంది. మంచానికి ఎదురుగా ముక్కాలిపీట మీద రత్నమ్మ కూర్చొని ఉంది. అప్పటికి ఆ పిల్లకు పందొమ్మిదేళ్లు. కాలువ నీళ్లు వచ్చాక కోస్తా నుంచి వచ్చి సిరుగుప్ప పొలాల్లో స్థిరపడిన క్యాంపు రైతుల బిడ్డ. పనిలో చేరి రెండు నెలలు. అవ్వకు రావలసిన గంజి గిన్నె ఆమె ఒడిలో ఉంది. రెండు గుక్కలు తాగేది, పక్కనున్న పెద్ద నర్సమ్మగారితో ఏదో చెప్పేది. ఉన్నట్టుండి చెంచాతో మంచం ఇనుప కమ్మీని టంగు టంగుమని కొట్టింది. ఇద్దరూ నవ్వారు.

నేను వెనక్కి వచ్చి రాశాను. పోయినవారి పేరు మీద వచ్చే తిండిని నర్సులు తింటున్నారు. పడక వెంటనే సర్దడం లేదు. పనివేళలో చెంచాతో మంచం వాయిస్తూ పరిహాసాలాడుతున్నారు. కింద పద్నాలుగు పేర్లు, మంచం సంఖ్యలు, పూటలు. కన్నడంలో మూడు ప్రతులు తీశాను, ఒక్క కొట్టివేత లేకుండా. ఆ కాగితం అందంగా ఉందని నాకు సంతోషం కలిగిన మాట కూడా దాచను.

పెద్ద డాక్టరుగారి గదిలో విచారణ జరిగింది. పుస్తకాలు పట్టుకొని నేను ఒక పక్క నిలబడ్డాను. తలుపు దగ్గర రత్నమ్మా, మరో ముగ్గురు చిన్న నర్సులూ నిలబడ్డారు.

“ఈ పద్నాలుగు పూటలు ఎవరు తిన్నారు?” అన్నారు డాక్టరుగారు.

“ఈ పిల్లోళ్లు సార్. నేను తినమన్నా.”

“ఎందుకు?”

ఆమె తలుపు వైపు చూశారు. ఆ నలుగురిలో ముగ్గురికి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆ పట్టీ కూడా నాదే. ఆమె ఆ పిల్లల నుంచి చూపు తిప్పి, “ఆకలైంటుంది సార్” అన్నారు.

అంతకంటే ఒక్క మాట చెప్పలేదు. తిండి దొంగ అన్న పేరు మోసుకొని వారం తిరక్కుండా సిరుగుప్పకు బదిలీ అయ్యారు. వెళ్లే రోజు జట్కాలో పెట్టె ఎక్కించి నా కిటికీ దగ్గరికి వచ్చారు. ఏమైనా అంటారని నేను సిద్ధంగా ఉన్నాను. జవాబులు కూడా మనసులో వరుసగా పేర్చుకొన్నాను.

“తింటివా రైటరప్పా?” అన్నారు.

నేను తల దించుకొని రాసుకొంటూనే ఉన్నాను. చెప్పుల చప్పుడు మెట్లు దిగింది.

తరువాత కొత్త ఉత్తరువు వచ్చింది. పోయినవారి పేరు వెంటనే కొట్టివేయాలి, అరగంటలో పడక సిద్ధం చేయాలి. అది గోడకు అంటించినప్పుడు అందులో ఒక అక్షరం తప్పు ఉంటే నేను ఎర్ర సిరాతో దిద్దాను.

రెండు నెలలైంది. యశ్వంతనగర్ ఇనుప గనుల్లో మీద బండ పడి నడుము విరిగిన కూలీ ఒకడు పురుషుల వార్డులో ఉండేవాడు. పందొమ్మిది రోజులు రత్నమ్మే అతనికి ఒళ్లు తుడిచింది. అతను పోయాడు. నాలుగో రోజు తెల్లవారేసరికి రత్నమ్మ పనికి రాలేదు. దుప్పట్ల బీరువా తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. తాళంచెవుల పట్టీ నాది కాబట్టి వెదికి తెమ్మని నన్ను పంపారు.

బస్‌స్టాండులో రేకు పెట్టె మీద కూర్చొని ఉంది.

“తాళంచెవి” అన్నాను.

నడుము నుంచి తీసి ఇచ్చింది. “మీ పట్టీ సరిపోయిందాండీ?” అంది.

పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. ఏమి అడగాలో తోచక, “ఎప్పుడు తిన్నావు?” అన్నాను.

“గుర్తు లేదండి. మింగుడు పడట్లేదు. గిన్నెలో ఏది పోసినా ఎర్రగానే కనపడుతోంది.” కొంచెం ఆగి చెప్పింది. “ఆయనకు ఒళ్లు తుడిస్తే పదిహేను రోజులైనా నీళ్లు ఎర్రగానే వచ్చేవండి, ఆ గని మన్ను. ‘ఇంకా వస్తాందా అక్కా? గనంతా నా ఒంట్లోనే ఉండాది చూడు’ అని నవ్వేవాడు. ఆఖరి రెండు రోజులు తెల్లగా వచ్చాయి. అది ఆయనకు చెబుదామనుకున్నాను. చెప్పేలోపలే పోయాడు. ఇది ఎవరికైనా చెప్పాలండి. ఎవరికి చెప్పను? పది నిమిషాల్లో దుప్పటి మార్చేశారు, అరగంటలో ఇంకొకాయన్ని తెచ్చి పడుకోబెట్టారు. మూడు రోజులు ఆ కొత్తాయన నాడి చూశాను. మొహం చూడలేదు. చూడలేకపోయాను.”

నేను తాళంచెవిని జేబులో వేసుకొన్నాను.

“అవ్వ పోయిన రోజు మీరు కిటికీ చాటున నిలబడ్డారు. నేను చూశాను లెండి. చెంచాతో కొడితే ఆటలనుకున్నారు కదూ? వాళ్ల సంగనకల్లు గుట్ట మీద బండలున్నాయట, రాయితో కొడితే గంటలాగా మోగుతాయట. అవ్వ రోజూ నా చేత మంచం కమ్మీ కొట్టించుకొని, ‘ఇంకా సన్నంగా పాపా, మా బండ ఇంత మొద్దుగా పలకదు’ అనేది. నేను చూసిన మొదటి చావు అవ్వది. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా దిగలేదు. పెద్దమ్మ ఆ గంజి నా ఒళ్లో పెట్టి, ‘ముందు తిను. ఏడ్చల్లన్నా ఒంట్లో నీళ్లుండల్ల’ అన్నారు. తిన్నాక, ‘అవ్వ గురించి ఒకటి చెప్పు. జబ్బు వద్దు, అది కాగితంలో ఉండాది. మనిషిని చెప్పు’ అన్నారు. చెప్పాను. అయ్యాక దిండు నన్నే సర్దమన్నారు. నేను సర్దేవరకు ఎవరినీ ముట్టనివ్వలేదు. సాయంత్రం ఆ మంచం మీదికి ఇంకొకావిడ వచ్చింది. ఆవిడ మొహం చూశాను, పేరు అడిగాను. అంతేనండి. ఆ పూట కూడు సంగతి అంతే.”

“డాక్టరుగారి ముందు ఆమె ఈ మాట ఎందుకు చెప్పలేదు?”

“చెబితే మా నలుగురి పేర్ల పక్కనా గుండె ధైర్యం లేని పిల్లలని రాసేవారు. రాసేది మీరే కదండీ.”

సిరుగుప్ప బస్సు వచ్చింది. ఆమె పెట్టె ఎత్తుకొని ఎక్కింది. నేను తాళంచెవితో వెనుదిరిగాను. ఆ పిల్లకు ఒక బన్నూ, ఒక గ్లాసు పాలూ ఇప్పించాలన్న ఆలోచన నాకు రైలు గేటు దాటిన తరువాత వచ్చింది.

అయిదో రోజున రత్నమ్మ తిరిగి పనిలో చేరింది. క్యాంపులోని సొంత ఇంటికి కాక నేరుగా దవాఖానాకు, పెద్ద నర్సమ్మగారి దగ్గరికి వెళ్లిందట. ఎర్ర నీళ్ల సంగతి అక్కడ అన్నం తింటూ చెప్పిందట. నా కిటికీ దగ్గర ఆగి, “పెద్దమ్మ మిమ్మల్ని ఒక మాట అడగమన్నారండి” అంది.

“ఏమని?”

“రైటరప్ప తిన్నాడా అని.”

సంగతి తెలిసిన మనిషి చేయవలసిన పని నాకు తెలుసు. ఇంకొక కాగితం రాయాలి. రాశాను కూడా. “పొరపాటు జరిగినట్లు తెలియవచ్చింది” అని మొదలుపెట్టాను. ఎవరి పొరపాటో ఆ వాక్యంలో లేదు. కొట్టి మళ్లీ రాశాను. పదకొండు చిత్తు ప్రతులు రాశాను. ఒక్కదానిలోనూ “నేను” అన్న మాట కర్త స్థానంలో కూర్చోలేదు. ఆ మొదటి కాగితం చూసే పై అధికారులు నన్ను మెచ్చుకొన్నారు, పట్టీలన్నిటికీ పెద్దను చేశారు. నా పట్టీ తప్పని నా చేతితో రాస్తే నేనెవరినన్న భయం. పదకొండూ మడిచి పెట్టెలో దాచాను. అట్లా పదేళ్లు గడిచాయి. ఒక్క రోజులో చేసిన తప్పుకు నన్ను నేను క్షమించుకోగలనేమో. ఆ పదేళ్లకు మాత్రం క్షమించుకోలేను.

ఆ పదేళ్లలో ఒక్కసారి సిరుగుప్ప వెళ్లాను, దవాఖానా సామాను పట్టీ సరిచూసే పనిమీద. దానికి మూడు వారాల ముందు మా అమ్మ పోయింది. పెద్ద నర్సమ్మగారికి ఎట్లా తెలిసిందో తెలియదు. పట్టీ సగంలో ఉండగా ఒక పళ్లెంలో జొన్నరొట్టె, వంకాయ కూర తెచ్చి ముందు పెట్టి, ఎదురుగా కూర్చొన్నారు.

“తిను. తిని మీ యమ్మను చెప్పు” అన్నారు.

నేను చెప్పాను. జ్వరం ఏ రోజు మొదలైంది, ఏ రోజు ఎవరు చూశారు, ఏ మందు ఎన్నిసార్లు పడింది, అన్నీ వరుసగా.

“అది కాగితానికప్పా. నాకు మీ యమ్మను చెప్పు. ఆ యమ్మ ఏం ఇష్టంగా తింటాండె?”

ఊరందరికీ పథ్యం రాసినవాణ్ణి, మా అమ్మ ఏమి ఇష్టంగా తినేదో ఎరగను. ఒకే ఒక సంగతి గుర్తుకు వచ్చింది. “మజ్జిగలో ఉప్పు రెండుసార్లు వేసేది. వేసిన సంగతి మరిచిపోయి” అన్నాను. “నువ్వేమంటివి?” అన్నారు. “కసిరేవాణ్ణి” అన్నాను. ఆమె రొట్టె ఇంకొకటి వేశారు. ఆ రోజు క్షమించమనే మాట నా నాలుక మీదికి వచ్చింది. వచ్చి, అక్కడే నిలిచింది. బయట బస్సు హారను మోగితే అదే సాకుగా లేచి వచ్చేశాను. సామాను పట్టీలో అన్నీ సరిపోయాయి.

రత్నమ్మ ఇప్పుడు మా వార్డుకు పెద్ద. ఉత్తరువు ఇంకా గోడ మీదే ఉంది. ఆమె తెచ్చుకొనే క్యారియరులో మాత్రం ఒక గిన్నె ఎప్పుడూ ఎక్కువ ఉంటుంది. వార్డులో ఎవరైనా పోయిన రోజు ఆ గిన్నె ఏ చిన్న నర్సు ఒడిలో ఉంటుందో నాకు తెలుసు. ఆ రోజు దిండు సర్దడం అరగంట దాటుతుందనీ తెలుసు. అది నేను ఏ పట్టీలోనూ రాయలేదు. రాయకపోవడం ఒక్కటే నేను పెద్ద నర్సమ్మగారికి చేసిన సేవ. అది కూడా పిరికివాడి సేవ. మీరు చదువుతున్న ఈ కాగితం నా పన్నెండో ప్రతి. ఇందులో ఎవరు ఏమి చేశారో రాశాను.

కబురు వచ్చిన రోజు మేము సిరుగుప్ప చేరేసరికి పన్నెండు దాటింది. ఆమె తన దవాఖానాలోనే, ఆరో మంచం మీద పది రోజులు రోగిగా ఉండి పోయారు. అక్క కొడుకులు ఆమెను ఇంటికి తీసుకొని వెళ్లారు, సాయంత్రం సాగనంపుతారు. మంచం ఖాళీగా ఉంది. పక్కన ముక్కాలిపీట, దాని మీద మూత పెట్టిన గిన్నె. కొత్తగా వచ్చిన నర్సు పిల్ల కళ్లు తుడుచుకొంటూ నిలబడి ఉంది.

“అమ్మ పేరు మధ్యాన్నానికి కొట్టేయలేదు నేను. సగం తింటి, సగం నీకుంచినా అక్కా” అంది రత్నమ్మతో.

రత్నమ్మ గిన్నె మూత తీసింది. పాలు, అందులో నానిన రొట్టె. పాల మీద మీగడ కట్టింది. ఆమె గిన్నె నా చేతికి ఇచ్చింది.

“మీరు కూచోండి.”

“నేనా?”

“కూచోండి రైటరప్పా. పదేళ్లుగా తినలేదు మీరు.”

కూర్చొన్నాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకొన్నాను. ఇద్దరూ ఎదురుగా నిలబడి ఎదురు చూస్తున్నారు.

“ఆమెను ఇక్కడికి పంపింది నేను” అన్నాను.

“అది మీ గురించండి” అంది రత్నమ్మ. “ఆవిడ గురించి చెప్పండి.”

ఇంకొక ముద్ద తిన్నాను. అప్పుడు చెప్పాను. రోజూ వార్డు నుంచి వస్తూ నా కిటికీ ముందు ఆగేవారనీ, నేను తల ఎత్తకపోయినా అడిగేవారనీ, జవాబు రాకపోయినా మరునాడు మళ్లీ అడిగేవారనీ, వెళ్లిపోయే రోజు జట్కా నిలిపి వచ్చి కూడా అదే అడిగారనీ.

“ఏమని?” అంది ఆ కొత్త పిల్ల.

“తింటివా రైటరప్పా, అని.”

“నువ్వేమంటివి?”

గిన్నె వైపు చూశాను. అడుగున ఒక ముక్క మిగిలి ఉంది. అది కూడా తిన్నాను.

“తిన్నానమ్మా” అన్నాను, మంచం వైపు తిరిగి.

రత్నమ్మ గిన్నె తీసుకొంది. “ఇక దిండు సర్దండి” అంది.

లేచి మంచం దగ్గరికి వెళ్లాను. దిండు నడుమ గుంట ఉంది, దోసెడంత. దాని అంచున ఒక నెరసిన వెంట్రుక. దానిని తీసి ఏమి చేయాలో తెలియక నా జేబులో పెట్టుకొన్నాను. ఆమె పిల్లలకు నేర్పినట్లు దిండుకు రెండు పక్కలా అరచేతులు పెట్టి తట్టాను. గుంట ఒక్కసారికి పోలేదు.